వడ్ల గోదాములో స్క్వాష్ కోర్టు: కోదాడ మీదుగా మిర్యాలగూడకు ఒక ఆదివారం

పీజీ చదివే రోజుల్లో హైదరాబాద్‌లో రెండేళ్లు స్క్వాష్ ఆడాను. ఆడాను అంటే పోటీలూ కప్పులూ ఏమీ లేవు. హాస్టల్ పక్కనున్న క్లబ్బులో పొద్దున్నే కోర్టు ఖాళీగా ఉండేది. అక్కడి కోచ్ మంచివాడు కాబట్టి నన్నూ నా స్నేహితురాలినీ ఆడుకోనిచ్చేవాడు. నాలుగు గోడల గది, ఇద్దరు మనుషులు, నిమ్మకాయంత నల్లటి రబ్బరు బంతి. ఇద్దరూ ఒకే గోడ వైపు తిరిగి వంతులవారీగా బంతిని దానికి కొట్టాలి. బంతి నేల మీద రెండోసారి పడేలోపు అవతలివాళ్లు అందుకోవాలి. ఆట అంతే. సూర్యాపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరాక ఆ ఆట పేరు విన్నవాళ్లే నాకు కనబడలేదు. ఇరవై ఏళ్లు గడిచాయి. కిందటి నెల ఈ బ్లాగులో ఆ రోజుల గురించి ఏదో రాసుకుంటే, కింద ఒక వ్యాఖ్య వచ్చింది.

"మేడం, మిర్యాలగూడలో మా నాన్న రైస్ మిల్లు గోదాములో ఒక స్క్వాష్ కోర్టు ఉంది. అక్కడ ఆట నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు దేశం తరఫున ఆడుతోంది. ఆదివారం మహిళల జట్ల అంతర్జాతీయ పోటీలో సెమీఫైనల్ ఉంది. ఆ గోదాములోనే కూర్చుని చూద్దాం, వస్తారా?"

రాసినామె పేరు హారిక. కోదాడలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఫోన్ చేస్తే గొంతు చిన్నపిల్లలా ఉంది. "నన్ను నువ్వు అనండి మేడం" అంది ముందే. వస్తానన్నాను. అయితే సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నేరుగా బస్సులున్నాయి, గంటన్నరలో దిగిపోవచ్చు. ఆమె మాత్రం ముందు కోదాడకు రమ్మంది, అక్కడి నుంచి కలిసి వెళ్దామంది. అంత చుట్టు ఎందుకని అడిగితే, "వచ్చినంక చెప్త మేడం" అని ఊరుకుంది.

ఆదివారం పొద్దున ఏడున్నరకు సూర్యాపేట కొత్త బస్టాండ్‌లో విజయవాడ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కాబట్టి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. కండక్టరమ్మ నా కార్డూ నా ముఖమూ మార్చి మార్చి చూసి, "గిప్పటికి గీ ఫొటోకు మస్తు ఫరక్ ఉన్నది మేడం" అని నవ్వి సున్నా టికెట్ చేతిలో పెట్టింది. హైవే మీద మంచు ఇంకా విడలేదు. ఎదురుగా వచ్చే లారీలకు ముందు దీపాలు, ఆ తర్వాత ఒళ్లు కనబడుతున్నాయి. కోతలు ముగిసిన పొలాల మీద తెల్లటి పొర పరుచుకుని ఉంది. కిటికీ అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకుంటే, ఇరవై ఏళ్ల కిందటి ఖాళీ కోర్టులో బంతి చప్పుడు వినిపించినట్టయింది. కోదాడ వచ్చిందని కండక్టరమ్మ భుజం తట్టేదాకా ఆ చప్పుడులోనే ఉన్నాను. టైము ఎనిమిది నలభై.

బస్టాండ్ ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గర హారిక నిలబడి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. కాటన్ చీర, భుజాన పాత రాకెట్ సంచి. దాని జిప్పు పోతే పిన్నీసులు పెట్టింది. పెసరట్టు తిందామంది. పెనం దగ్గరున్న పెద్దావిడ సంచి వైపు చూసి, "ఏందమ్మా అది, టెన్నిస్ ఆడతావా?" అని అడిగింది.

"కాదండీ, స్క్వాష్."

"అది తాగేది కదమ్మా! ఎండాకాలం మా తమ్ముడు సీసాల్లో అమ్ముతుంటాడు."

హారిక నవ్వింది కానీ అట్టు సగం కూడా తినలేదు. ఆ అట్టు గురించి ఒక మాట: అల్లం చట్నీ అడిగి మరీ వేయించుకోండి. ఇద్దరికీ టీతో కలిపి నూరు రూపాయల లోపే అయింది. కారు ఉందని ఫోన్‌లో చెప్పింది కదా, కారులో వెళ్తామా అని అడిగాను. "కారుల పోతే మిల్లు ఓనరు బిడ్డ వచ్చినట్టుంటది మేడం. బస్సుల పోదాం" అంది.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సులు తిరుగుతాయి. ఒక బస్సు తప్పిపోయి, మేం ఎక్కింది పదిన్నరకు. పల్లెవెలుగు కాబట్టి చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది, రెండు గంటలు పడుతుంది. తొందర లేనివాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. మంచు విడిపోయి లేత ఎండ వచ్చింది. రోడ్డుకు ఒక పక్క మైళ్లకొద్దీ వడ్లు ఆరబోసి ఉన్నాయి. పసుపు రంగు దుప్పటి మీద నుంచి బస్సు వెళ్తున్నట్టుంది. ఆడవాళ్లు వట్టి కాళ్లతో ఆ వడ్లలో నడుస్తూ సాళ్లు తీస్తున్నారు. సాగర్ కాలువ ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన కనబడి మాయమవుతోంది. హుజూర్‌నగర్ దాటాక హారిక తనంతట తానే మొదలుపెట్టింది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఎస్తేరుకు రాకెట్ పట్టుడు నేర్పింది నేనే మేడం. నేను హైదరాబాద్ స్కూల్ల స్క్వాష్ నేర్సుకున్న. ఇంటికొచ్చినంక ఆట బందయితదని ఏడిస్తే, మా నాన్న ఖాళీ గోదాముల గోడలు కట్టించిండు. కోర్టయితే అయింది, ఎవరితో ఆడాలె? మిల్లుల రాలిన వడ్లు ఊడ్సే మరియమ్మ బిడ్డ తలుపు కాడ నిలబడి సూస్తుండేది. దానికి పదమూడేండ్లు. రమ్మన్న."

ఏడాదిన్నర ఇద్దరూ రోజూ ఆడారట. ఎస్తేరు తండ్రి ఆ మిల్లులోనే హమాలీ. బడి నుంచి వచ్చి, తల్లికి సాయం చేసి, సాయంత్రం ఐదింటికి కోర్టులో ఉండేదట ఆ పిల్ల. మిల్లులో కొత్త బాయిలర్ పెట్టిన రోజు హారిక తండ్రి చుట్టాలనూ స్నేహితులనూ పిలిచాడు. మా పిల్లల ఆట చూడండి అన్నాడు. ఆ రోజు ఎస్తేరు హారిక మీద వరుసగా మూడు గేములు గెలిచింది.

"అందరు సప్పట్లు కొట్టిన్రు. మా నాన్న గుడ కొట్టిండు" అంది హారిక. "మరునాడు గోదాముకు తాళం ఏసిన. వడ్లు పెట్టాలె అని చెప్పిన. ఒక్క బస్తా గుడ పెట్టలే."

"ఎన్ని రోజులు?"

"నాలుగు నెలలు మేడం. రాష్ట్రం సెలక్షన్లు గా నెలలల్లనే ఉండె. బాయిలర్ గది ఎనక గోడకు కొట్టుకునేది ఎస్తేరు. నా గదిలకు సప్పుడు ఇనబడేది. కిటికీ మూసుకున్న."

తర్వాతి కథ చిన్నది. సెలక్షన్లలో ఎస్తేరు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. సంగతి తెలిసి హారిక తండ్రి తాళం తీయించాడు. మరుసటి ఏడు ఎస్తేరు ఎంపికై, చెన్నైలో ఒక అకాడమీలో చేరింది. హారిక చదువు ముగించి, పెళ్లి చేసుకుని కోదాడ వచ్చేసింది. పుట్టింటికి వచ్చినా గోదాము వైపు వెళ్లలేదు. పదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒంటరిగా వెళ్లే ధైర్యం లేక నన్ను కోదాడ రమ్మందని అప్పుడు అర్థమైంది. ఆమె చేతి మీద చెయ్యి వేశాను. నేరేడుచర్లలో ఒకామె బుట్టనిండా జామకాయలతో ఎక్కింది. బస్సంతా ఆ వాసన. ఇద్దరం చెరొకటి కొనుక్కుని తిన్నాం.

పన్నెండున్నరకు మిర్యాలగూడలో దిగాం. ఊరు కనబడకముందే దాని వాసన వస్తుంది, ఉడికిన వడ్ల వాసన, వెచ్చగా, కొంచెం తియ్యగా. రైస్ మిల్లుల పొగగొట్టాల నుంచి ఊక బూడిద నల్లటి పొట్టులా మెల్లగా రాలుతూ ఉంటుంది. తెల్ల బట్టలు వేసుకుని రావద్దు. వేములపల్లి వైపు వెళ్లే షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవర్ హారికను గుర్తుపట్టాడు.

"ఎస్తేరు మ్యాచ్ సూడనీకి వచ్చిన్రా? మా ఇంట్ల అందరు ఫోన్ పట్టుకోని కూసున్నరు. ఆటేందో మాకు సమజ్ కాదు గని, పిల్ల మనూరు పిల్ల" అన్నాడు. దిగేటప్పుడు హారిక దగ్గర డబ్బులు తీసుకోనన్నాడు. ఆమె పట్టుబట్టి ఇచ్చింది.

మిల్లు గేటు దగ్గర లారీలు వరుసలో ఉన్నాయి. కాపలా మనిషి ఎల్లయ్య స్టూలు మీద ఫోన్ నిలబెట్టుకుని అప్పటికే తయారుగా ఉన్నాడు. గోదాము చివరన ఉంది. రేకుల తలుపు తోసి లోపలికి అడుగుపెడితే చల్లగా, చీకటిగా ఉంది. పై రేకులకున్న సన్నటి చిల్లుల్లోంచి ఎండ దారాల్లా దిగి నేలను తాకుతోంది. ఆ దారాల్లో తవుడు దుమ్ము ఎగురుతోంది. ఎదురుగా పెద్ద తెల్ల గోడ. దాని నిండా నల్లటి బంతి మరకలు, వందలు, వేలు. కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి పడి మబ్బులా తేలాయి. గుడిలోకో చర్చిలోకో వెళ్లినట్టు చెప్పులు బయట విడిచాను.

ఆ గోడకు ఎదురుగా చాప పరిచి కూర్చున్నామె ఎస్తేరు తల్లి మరియమ్మ అని హారిక చెప్పకుండానే తెలిసింది. ఏభై దాటినామె. పొద్దున చర్చికి కట్టుకున్న చీర ఇంకా మార్చలేదు. చర్చిలో పాటలకు వాడే ప్రొజెక్టర్‌ను పాస్టర్‌గారిని అడిగి తెచ్చారట. ఆట గోడ మీద పడుతుందన్నమాట. నాకు నమస్కారం పెట్టి కుర్చీ చూపించింది. తర్వాత హారిక వైపు తిరిగింది.

"వచ్చినవా" అంది. అంతే.

"వచ్చిన చిన్నమ్మా" అంది హారిక. ఆ పిలుపు ఆమె నోట ఎప్పుడూ విననట్టు మరియమ్మ ఒకసారి తలెత్తి చూసి, గిన్నె మూత తీసింది. కోడికూర, అన్నం. హారిక వద్దనబోయింది. "తిను. ఆట మొదలైతే నీకు మెతుకు దిగది. చిన్నప్పటి సంది గంతే నువ్వు" అంటూ కంచంలో వడ్డించింది. హారిక తల వంచుకుని తిన్నది. మొత్తం తిన్నది.

జట్ల పోటీ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు: రెండు దేశాల నుంచి ముగ్గురేసి అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు ఆడతారు. మూడు ఆటల్లో రెండు గెలిచిన జట్టుది పైచేయి. ఒక్కో ఆటలో పదకొండు పాయింట్ల గేములు ఐదు, అందులో మూడు గెలవాలి. ఒకటిన్నరకు మొదలైంది. మొదటి ఆట మనవాళ్లు గెలిచారు, రెండోది పోయింది. తేల్చాల్సింది మూడో ఆట. మూడుంబావుకు ఎస్తేరు అద్దాల కోర్టులోకి వచ్చింది. గోడ మీద ఆమె నిలువెత్తు మనిషిలా కనబడింది. ఎక్కడో మరో దేశంలో ఆమె కొడుతున్న బంతి, పదేళ్ల కిందట ఆమే కొట్టిన మరకల మధ్య నుంచి దూసుకుపోతోంది. నల్లటి బంతి ఏదో, పాత మరక ఏదో ఒక్కోసారి తెలియడం లేదు. పని ఆపి వచ్చిన ఆడవాళ్లు పదిమంది దాకా చాప మీద చేరారు. నిద్రలో చూస్తున్నట్టుంది నాకు.

మొదటి రెండు గేములూ ఎస్తేరు పోగొట్టుకుంది. హారిక గోళ్లు కొరుక్కుంటూ లేచి నిలబడింది. "ఎనకకు పోతుంది సూడు... ముందుకు రా ఎస్తేరూ, ముందుకు!"

"నువ్వు గీడ అరిస్తే దానికి గాడ ఇనబడతదా?" అంది మరియమ్మ, కళ్లు గోడ మీదే ఉంచి.

"భయమైనప్పుడు ఎనక గోడ కాడ నిలబడతది చిన్నమ్మా. నాకు ఎరుకనే."

మూడో గేము నుంచి ఎస్తేరు నిజంగానే ముందుకు జరిగింది. మూడోది గెలిచింది. నాలుగోది కూడా. ఎస్తేరు తండ్రి లారీ ఖాళీ చేసి, తలకు కట్టిన తువ్వాలతోనే వచ్చి తలుపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఐదో గేము తొమ్మిదీ తొమ్మిది దాకా వెళ్లింది. ఒక పాయింట్ అవతలివాళ్లకు పోయింది. పది, తొమ్మిది. ఎస్తేరు షార్ట్స్‌కు చెయ్యి తుడుచుకుని సిద్ధమవుతోంది.

అప్పుడే గేటు దగ్గర నుంచి ఎల్లయ్య కేక వినబడింది. అతని ఫోన్‌లో ఆట మా కంటే పది పదిహేను క్షణాలు ముందు నడుస్తోంది. అది సంతోషమో బాధో తెలియని కేక. మా గోడ మీద బంతి ఇంకా మొదలే కాలేదు. మరియమ్మ హారిక చెయ్యి పట్టుకుంది. అయిపోయిన సంగతిని మేం అప్పుడే జరుగుతున్నట్టు చూశాం. బంతి ముందు గోడకు, పక్క గోడకు, మళ్లీ ముందుకు. ఎస్తేరు ప్రతిదీ అందుకుంది. ఆ పాయింట్ ఎప్పటికీ ముగియకుండా ఉంటే బాగుండుననిపించింది. చివరికి ఆమె కొట్టిన బంతి గోడ కింది రేకుకు తగిలింది. స్క్వాష్‌లో ఆ రేకు తాకితే పాయింట్ పోయినట్టే. ఓడిపోయింది.

ఎవరూ లేవలేదు. గోడ మీద ఎస్తేరు అవతలి అమ్మాయికి చెయ్యి కలిపి, కోర్టు మూలన నేల మీద కూర్చుంది. కాసేపటికి ఎవరో ప్రొజెక్టర్ ఆపారు. మరకల గోడ ఒక్కటే మిగిలింది.

అరగంట తర్వాత మరియమ్మ ఫోన్ మోగింది. వీడియో కాల్. ఎస్తేరు కళ్లు వాచి ఉన్నాయి. "ఏడ్వకు బిడ్డా, మంచిగ ఆడినవ్. తిన్నవా?" అని అడిగి, తల్లి ఫోన్‌ను హారిక చేతిలో పెట్టింది. "గీమె వచ్చింది, మాట్లాడు."

హారికే మొదలుపెట్టింది. "ఎస్తేరూ, ఓడిపోయినప్పుడు ఏం చెయ్యాల్నో నాకు ఆనాడు తెల్వలే. తాళం ఏసిన. తప్పు చేసిన."

"నాకు యాదికున్నదక్కా" అంది ఎస్తేరు. "మరువలే. ఇంటికొచ్చినంక మాట్లాడుకుందాం. నాకు రేపు మ్యాచ్ ఉన్నది, మూడో స్థానానికి." ఆ వెంటనే అడిగింది. "అక్కా, మొదటి రెండు గేములల్ల నేను ఎనక నిలబడ్డనా?"

హారిక కళ్లు తుడుచుకుంది. "నిలబడ్డవ్. బంతి ఎనక గోడకు పోయేదాక ఆగుతున్నవ్. గంత దాక ఆగకు, ముందే కొట్టు. నీ ఎడమ దిక్కు కొట్టినప్పుడు ఇంకా ఆలస్యం చేస్తున్నవ్."

"అవునా?"

"అవును. మళ్ల సూడు నీ వీడియో."

ఇద్దరూ ఇరవై నిమిషాలు ఆట గురించే మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకసారి ఎస్తేరు నవ్వు వినబడింది. మరియమ్మ గిన్నెలు సర్దుతూ వింటోంది కానీ అటు చూడలేదు. పెట్టేసే ముందు ఎస్తేరు అడిగింది: "రేపు గుడ సూస్తవా?"

"సూస్త" అంది హారిక.

బయట పొద్దు వాలుతోంది. హారిక పిన్నీసులు తీసి సంచిలోంచి రెండు రాకెట్లు బయటికి లాగి, ఒకటి నా వైపు చాచింది. నా వయసు నలభై నాలుగు, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకున్నాను. చల్లటి స్క్వాష్ బంతి ఎగరదు, కొట్టికొట్టి వేడి చేయాలి. మొదటి పది దెబ్బలు నేల మీద మట్టి ముద్దలా పడ్డాయి. తర్వాత ఎక్కడో భుజానికి పాత సంగతి గుర్తొచ్చింది. రేకుల చిల్లుల్లోంచి వచ్చే వెలుగు ఎర్రబడి, మా కాళ్ల మీదుగా జరుగుతోంది. కొడుతున్నది నేనా, ఇరవై ఏళ్ల కిందటి ఆ హాస్టల్ పిల్లా అన్న తేడా ఆ పావుగంట నాకు తెలియలేదు. మిల్లు పనివాళ్ల ఆడపిల్లలు ముగ్గురు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. హారిక ఆట ఆపి, వాళ్లను లోపలికి పిలిచింది.

నేను ఆరుంబావుకు సూర్యాపేట బస్సు ఎక్కి ఎనిమిదిలోపు ఇంట్లో ఉన్నాను. హారిక ఆ రోజు మిల్లు దగ్గరి పుట్టింట్లోనే ఉండిపోయింది. మరునాడు మధ్యాహ్నం కాలేజీ స్టాఫ్ రూములో ఫోన్ నిలబెట్టుకుని చూశాను. ఎస్తేరు ముందుకొచ్చి ఆడింది. మూడు గేముల్లోనే గెలిచింది. మన జట్టు మూడో స్థానంలో నిలిచింది. వెంటనే హారికకు ఫోన్ చేస్తే మాటలు వినబడలేదు, గోదాములో ఆడవాళ్ల అరుపులు మాత్రం వినబడ్డాయి.

ఇన్నేళ్లు ఊళ్లు తిరిగి, గుళ్ల, కోటల, జలపాతాల గురించి రాశాను. ఒక గోడను చూడటానికి వెళ్లడం ఇదే మొదలు. గెలిచినవాళ్ల గురించి అందరం చదువుతాం. ఓడినప్పుడు మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో చూసే అవకాశం తక్కువగా వస్తుంది. హారిక చేసిన పని చిన్నది కాదు, ఎస్తేరు దాన్ని చిన్నది చేయనూ లేదు. అయినా ఒకరి ఆట ఒకరికి అంతగా తెలిసిన ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి ఏదో ఒక చోటు దొరుకుతుందని నాకు ఆ సాయంత్రం అనిపించింది. ఎస్తేరు ఇంటికొచ్చాక వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు, అడగను కూడా. ఇప్పుడు ఆదివారాలు హారిక మిర్యాలగూడలో ఉంటోంది. గోదాములో పదకొండుమంది ఆడపిల్లలు ఆడుతున్నారని మొన్న ఫొటో పంపింది.

మీలో ఎవరైనా అటు వెళ్తే ఆదివారం పొద్దున పదింటిలోపు చేరుకోండి. వేములపల్లి వైపు ఆటోలో ఎస్తేరు పేరు చెప్పండి, మిల్లు దగ్గర దింపుతారు. గేటు దగ్గర ఎల్లయ్యకు చెబితే లోపలికి పంపుతాడు. వస్తూ వస్తూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆటసామాన్ల దుకాణంలో రెండు పసుపు చుక్కలున్న స్క్వాష్ బంతులు ఒకటో రెండో కొని వెంట తీసుకెళ్లండి. మిర్యాలగూడలో అవి దొరకవు, ఆ గరుకు గోడకు రెండు వారాల్లో పగిలిపోతున్నాయి, పిల్లలేమో ఆపడం లేదు.